వెల్లకిలగారు

శుక్రవారం మధ్యాహ్నం, మూడో అంతస్తులో, ఇంకా కుర్చీ కూడా చేరని ఓ ఖరీదైన ఫ్లాటు హాల్లో మామయ్య నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. ఆయన చేసిన చివరి మామూలు పని అదే. చూసేవాళ్ళకది మామూలు పనిలా అనిపించదు గానీ, ఆయనకు మాత్రం గుమ్మంలో చెప్పులు విప్పడం ఎంతో అదీ అంతే.

ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆయన ముందు పడుకోవాలి. పలకరింపులూ మంచినీళ్ళూ ఆ తర్వాత. చెట్ల మధ్య కట్టే ఖరీదైన ఫ్లాట్లకు లోపలి హంగులు తీర్చడం ఆయన వృత్తి. బయటి పచ్చదనం అడక్కుండానే లోపలికి వచ్చి కూర్చున్నట్టుండాలి. అది నిలబడి తేల్చే సంగతి కాదని ఆయన పట్టు.

"నిలబడ్డవాడికి ఇంటి ధర కనిపిస్తుందే. ఇల్లు కనిపించాలంటే నడుం వాల్చాలి," అనేవాడు, తన దగ్గరే పని నేర్చుకున్న మేనకోడలితో.

పనివాళ్ళు ఆయనకు వెల్లకిలగారని పేరు పెట్టుకున్నారు. "వెల్లకిలగారొస్తున్నారు, ఊడవండ్రా!" అని కిందనుంచి కేక వినపడితే చాలు, పైన చీపుళ్ళు లేచేవి. సిమెంటు దుమ్ము లేని కట్టడం చూడాలంటే ఆయన కట్టడమే చూడాలి.

ఒకసారి ఇంకా పని ఖాయం కాని ఓ ఇంటికి వెళ్ళి, ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చేలోపు సోఫా వెనక్కి చేరి పడుకున్నాడు. ఆవిడ గ్లాసు జారవిడిచింది.

"ఏమండీ! ఆయన పోయారండీ!"

"పోలేదమ్మా," అంది సోఫా వెనకనుంచి గొంతు. "మీ పరదా వెనకాల బ్రహ్మాండమైన చెట్టుంది. మీకు తెలుసా?"

అప్పటికే భర్త అంబులెన్సు పిలిచేశాడు. వాళ్ళు స్ట్రెచరు మోసుకొచ్చారు. మామయ్య దానివంక ఆశగా చూశాడు. "మంచం ఎత్తులోంచి కూడా చూడాలయ్యా. ఒక్క నిమిషం ఎక్కించి పట్టుకోండి."

పట్టుకున్నారు పాపం.

పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం పిలవకుండానే వెళ్ళేవాడు. "ఈ మహానగరంలో ఇల్లెలా ఉండాలో తెలిసినవాడు ఈయనొక్కడే. వెళ్ళగానే పడుకోబెడతాడు, ఎదురుగా చెట్టు చూపిస్తాడు," అని ఓ మంచి పన్ను కూడా పీకించుకుని వచ్చాడు.

ఇక పడుకోవడం ఒక ఎత్తు, లేవడం ఒక ఎత్తు. తనంతట తాను లేచేవాడు కాదు. చెయ్యి పైకి చాచి, ఎవరో ఒకరు లాగేదాకా అలాగే ఉండిపోయేవాడు. పోనీ ముందుకొచ్చిన చెయ్యి పట్టుకుంటాడా అంటే, అదీ లేదు. ఆ రోజు అంబులెన్సు కుర్రాళ్ళని "మీరుండండి నాయనా" అని ఆపి, సిగ్గుతో కోపంతో ఎర్రబడిపోయిన ఇంటాయన చేతికోసమే చూశాడు. వడ్రంగీ కాంట్రాక్టరూ కాలరు పట్టుకునేదాకా వచ్చిన రోజున, చెరో చెయ్యీ వాళ్ళిద్దరే అందించాలన్నాడు.

"మోకాళ్ళు అరిగిపోయినా బింకం మాత్రం అరగలేదు," అనుకునేది మేనకోడలు.

ఆ శుక్రవారం నాటి ఫ్లాటు ఆమెది. అంటే ఆమె ఒంటిచేత్తో, తన పేరుమీద, గీసి కట్టించిన మొదటిది. హాలుకు ఒకవైపు గోడే లేదు. నేలనుంచి కప్పుదాకా అద్దం, అద్దానికి ఆనుకుని చెట్ల తలలు. కొనుక్కున్నది ఓడల వ్యాపారి. ఆయన ఆ అద్దాన్ని ఎగాదిగా చూశాడు.

"దీనికి అడ్డంగా గోడ పెట్టించమ్మాయ్. గోడంత టీవీ బిగిద్దాం. అందులో అడవి పెట్టుకుంటా, నీ సరదా కూడా తీరుతుంది."

"నిజం చెట్లు ఎదురుగా ఉంటే టీవీలో అడవి దేనికండీ?"

"టీవీలో అడవికి ఆకులు రాలవు. ఊడ్చే బాధుండదు."

"గోడ కడితే ఇక ఇది నా ప్లాను కాదండీ."

"అయితే ఇంకొకరి ప్లానే చూసుకుంటాలే."

ఆమె ఏడాది పని, తన మొదటి ఇల్లు, వాకిట్లోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోతోంది. అప్పుడు నేలమీంచి వినపడింది.

"పోట్లాట అయిపోతే కాస్త చెయ్యివ్వండి."

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు కాదయ్యా. అయ్యగారు."

ఓడల వ్యాపారి మొహం చిట్లించి రెండు వేళ్ళు అందించాడు.

"రెండు వేళ్ళతో మనిషి లేస్తాడా అండీ? ఓడల్ని కూడా ఇలాగే లాగుతారా?"

ఆయనకు పౌరుషం వచ్చింది. రెండు చేతులా పట్టుకుని బలంగా లాగాడు. నున్నటి రాయి, కాళ్ళకు మేజోళ్ళు. సర్రున జారి మామయ్య పక్కనే వెల్లకిలా పడ్డాడు.

"అబ్బా, నా నడుం!"

"ఎలాగూ వచ్చారుగా, ఒక్క క్షణం ఉండండి."

కాసేపటికి వ్యాపారే అడిగాడు. "పైన కప్పుమీద ఆ కదిలేదేంటి?"

"ఆకుల వెలుగండీ. అది పడాలనే మా అమ్మాయి కప్పుకు ఆ రంగు వేయించింది."

"వయసులో ఉండగా ఓడమీద పనిచేశాను," అన్నాడాయన, లేచే ప్రయత్నం మానేసి. "మధ్యాహ్నం కేబిన్లో పడుకుంటే నీళ్ళ వెలుగు కప్పుమీద అచ్చం ఇలాగే ఆడేది." ఇంకాసేపు చూశాడు. "టీవీ లోపలి గదిలో పెట్టమ్మాయ్. చిన్నదే చాలు."

లిఫ్టులో మేనకోడలు మొహం గంటు పెట్టుకుంది.

"నా మాటతో ఒప్పించేదాన్ని మామయ్యా. నువ్వు పడుకుని ఒప్పించావు. రేపు నువ్వు రాకపోతే నేనేం చెయ్యను, మనిషిని అద్దెకు తెచ్చుకుని పడుకోబెట్టనా?"

"వాదనలో ఓడినవాడు ఆ ఇంట్లో సుఖంగా ఉండలేడే. అక్కడ బతకాల్సింది ఆయన."

"నీతులు చెప్పకు."

కింద, కారు పక్కన గడ్డిలో ఆయన మళ్ళీ పడుకున్నాడు.

"ఇక్కడేముంది చూడ్డానికి?"

"ఏమీ లేదు. చెయ్యివ్వు."

ఆమె అటు తిరిగి నిలబడింది. డ్రైవరొచ్చాడు, కాపలాదారొచ్చాడు, ఇద్దర్నీ వెనక్కి పంపేశాడు. చివరికి ఆమే పట్టి లాగింది. బియ్యం బస్తాలా బిగదీసుకుని, సగం దాకా లేచి మళ్ళీ కూలబడ్డాడు. రెండోసారి లాగుతుంటే ఆమెకు నవ్వాగలేదు.

"అమ్మయ్య. ఆకలేస్తోంది పదవే," అన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన నిద్రలేవలేదు.

చాలామంది వచ్చారు. పళ్ళ డాక్టరు వచ్చాడు. ఓడల వ్యాపారి వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు తడబడ్డాడు. వడ్రంగీ కాంట్రాక్టరూ ఒకే స్కూటరు మీద వచ్చారు.

జనం పలచబడ్డాక మేనకోడలు అత్తయ్య పక్కన కూర్చుని, ఆయన చొక్కాలు మడతపెట్టింది.

"నీకు రోజూ ఎంత కష్టమయ్యేదో అత్తయ్యా. ఆయన్ని నేలమీంచి లేపడం."

"ఎవర్నీ? మీ మామయ్యనా? నేను లేపడమేంటే!" అంది అత్తయ్య ఆశ్చర్యంగా. "పొద్దున్నే బాల్కనీలో కుండీల కింద పడుకుని చిగుళ్ళు చూసుకునేవారు. కాఫీ అని పిలిస్తే చాలు, చేతులైనా నేలకు ఆనించకుండా కుర్రాడిలా దిగ్గున లేచొచ్చేవారు."