ఐసు ఫ్యాక్టరీలో తెల్లబడిన క్లాంపు

ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పని చూసేవాణ్ణి అందరూ 'లాగుడు మేస్త్రి' అనేవారు. ఏ అతుకు వేసినా వైరు పట్టుకుని మూడుసార్లు లాగి చూస్తేగాని అతనికి తృప్తి ఉండదు. "పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి కూడా లాగి చూశాడు, ఊడొస్తుందేమోనని" అని భార్య నవ్వించేది.

ఆమె అక్కడే అచ్చుల్లోంచి ఐసు దిమ్మలు దించేది. ఆమెకు జోడీగా ఇంకో పడుచుపిల్ల ఉండేది. నోరు ఊరుకునేది కాదు. ఈమెను అక్కా అనీ, మేస్త్రిని బావా అనీ వరస కలిపేసుకుంది.

ఎండలు ముదిరే ముందు కొత్త మోటారు వచ్చింది. దాని ఎర్తు క్లాంపులు, అంటే మోటారును మట్టిలోకి దిగే రాగి పట్టీకి కలిపే బిగింపులు, మేనేజరే కొనుక్కొచ్చాడు. తళతళలాడే అల్యూమినియంవి.

"రాగి పట్టీకి ఇవి పనికిరావు సార్. కింద చూస్తే ఉప్పునీళ్ళు. ఆ తడిలో రాగి దీన్ని తినేస్తుంది. ఇత్తడివి తెప్పించండి."

"నువ్వు లాగితే ఊడిందా?"

"ఊడలేదు."

"మరింకేం?"

మేస్త్రి వాటినే ఇంకాస్త గట్టిగా బిగించి వచ్చేశాడు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు ఆ పిల్ల కుళాయి తిప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అక్కా, ఇందులో చీమలున్నాయే!" అని నవ్వింది. మర్నాడు తలుపు గొళ్ళెం జిల్లుమంది. ఆ తర్వాత అచ్చుల అంచు. మోటారు పక్కన వెచ్చగా పడుకునే పిల్లి అటు రావడం మానేసింది.

మేస్త్రి ఎర్తు గుంత మూత తీసి మీటరు పెట్టాడు. ముల్లు చివరిదాకా పోయి అక్కడే నిలిచింది. మోటారు ఆపి ఉన్న కాసేపట్లో క్లాంపు విప్పాడు. పైకి నిగనిగలాడుతున్నది కాస్తా లోపల్నుంచి తెల్లటి పొడిగా, సున్నంలా రాలింది. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాడు. ముల్లు కొంచెమే వెనక్కి వచ్చింది.

"సార్, మోటారు లీకైతే కరెంటు మట్టిలోకి పోవాలి. ఆ దారి మూసుకుపోయింది. ఇక ఎవరు ముట్టుకుంటే వాళ్ళ ఒంట్లోంచే పోతుంది. ఆపేద్దాం."

"ఆదివారం దాకా ఆగవయ్యా. ఇప్పుడాపితే దిమ్మలన్నీ నీళ్ళే. అపశకునం మాటలు మాట్లాడకు."

మేస్త్రి నేరుగా భార్య దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"పద ఇంటికి."

"ఇంత పని పెట్టుకునా?"

"తలనొప్పని చెప్పు. పద."

"అక్కను ఎక్కడికి ఎత్తుకుపోతున్నావు బావా?" అంది ఆ పిల్ల వెనకనుంచి.

"నువ్వు చెప్పులు తియ్యకు. కుళాయి ముట్టుకోకు" అని మాత్రం అన్నాడు. గుమ్మం దాటేదాకా వెనక్కి చూడలేదు.

మధ్యాహ్నం రెండింటికి మోటారు లోపల తీగ కాలి దాని ఒంటికి తగిలింది. ఆ పిల్ల అప్పుడు నీళ్ళలో నిలబడి, రెండు చేతులా అచ్చు పట్టుకుని ఉంది. కాళ్ళకు చెప్పులున్నాయి. కుళాయి జోలికి పోలేదు. ఒక్క కేకైనా వినబడకుండానే ప్రాణం పోయిందని పక్కవాళ్ళు చెప్పారు.

విచారణకు వచ్చిన అధికారితో మేనేజరు, తనకెవరూ చెప్పలేదన్నాడు. మేస్త్రి ఆ క్లాంపు తెచ్చి బల్లమీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. మేనేజరు ఉద్యోగం ఊడింది. ఇత్తడి క్లాంపులు వచ్చాయి. మోటారు, కుళాయి, తలుపు, అచ్చులు అన్నిటినీ ఒకే రాగి పట్టీతో కలిపి ఎర్తు చెయ్యడానికి మేస్త్రికి పదకొండు రోజులు పట్టింది. నిజం చెప్పిన మనిషని అందరూ మెచ్చుకున్నారు.

ఆ పదకొండు రోజులూ భార్య వేళకు అన్నం పెట్టింది గాని మాట కలపలేదు. పని ముగిసిన సాయంత్రం అడిగింది.

"అన్నీ బిగించావా?"

"బిగించాను."

"మరి ఆ రోజు మెయిన్ స్విచ్చి నీ చేతికి అందేదేగా?"

అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

ఆమె కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.