ఎర్ర కారు కార్పెట్ కింద

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నా ఈడువాళ్లయితే మరీ దగ్గరికి రండి. ఇవాళ నాకు ఒళ్లంతా మండుతోంది, ఈ మంట ఆరకముందే చెప్పేయాలి, ఆరిపోయాక చెబితే అది ఉత్త కథైపోతుంది.

నిన్న పొద్దున మా మనవడు నన్ను మద్దిలపాలెంలో పాత కార్లు అమ్మే కొట్టుకి తీసుకెళ్లాడు. వాడి ఉద్యోగం మల్కాపురం వైపు. రోజూ పనిలోకి వెళ్లడానికీ, ఆదివారం సముద్రం పక్క రోడ్డు మీద సరదాగా తిరగడానికీ ఒక్కటే కారు కావాలట, అదీ స్పోర్ట్స్ కారే కావాలట. రెండు చూసి పెట్టుకున్నాడు. ఒకటి ఎర్రది, రెండే సీట్లు, మీట నొక్కితే టాపు మడతపడి వెనక్కి పోతుంది. రెండోది బూడిదరంగుది, దానికి వెనకాల కూడా సీటుంది గాని అందులో పట్టేది మనిషి కాదు, టిఫిన్ క్యారేజీ. నెల రోజులుగా అన్నం దగ్గర కూడా ఇదే మాట, ఏది ఎన్ని సెకండ్లలో నూరు స్పీడు అందుకుంటుందో, దేని ఇంజను గొంతు ఎలా ఉంటుందో. పోర్టు రోడ్డులో ముందొక బొగ్గు లారీ, వెనకొక బొగ్గు లారీ, మధ్యలో నీ సెకండ్లు ఏం చేసుకుంటావురా అంటే నవ్వుతాడు. రోజూ తిరగడానికి బూడిదరంగుదే మేలని వాడే ఒప్పుకుంటాడు, మనసు మాత్రం ఎర్రదాని మీదే పారేసుకున్నాడు. నువ్వొచ్చి ఓసారి కూర్చుని చెప్పు దాదీ, అన్నాడు.

నన్నెందుకు అడిగాడంటే, నేను ఈ ఊరి పాతబస్తీలో కార్ల సీట్లు కుట్టే ఇంటి మనిషిని. చదువు మూడో తరగతితో ఆగిపోయింది గాని, వేలికి తగిలినదేదీ నేను మరిచిపోను. మా ఆయన సీట్లు విప్పి పీచు మార్చేవాడు, నేను వసారాలో కూర్చుని వంకర సూదితో, మైనం పట్టించిన దారంతో అంచులు కుట్టేదాన్ని. కారు ఎవరిదో, ఎలా నడుపుతాడో దాని సీటే చెప్పేది. డ్రైవరు సీటు ఒక పక్కకే కుంగితే వాడు కిటికీకి ఆనుకుని షోకుగా నడిపేవాడని, పక్క సీటు కొత్తగానే ఉంటే పాపం వాడి పక్కన ఎవరూ కూర్చోరని, ఇలాంటివి చెప్పుకుని మేమిద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆ ఎర్ర కారులోకి నేను ఎలా దిగానో ఆ అల్లాకే తెలియాలి, నేలకి జానెడెత్తు లేదు, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఊపిరి తీసుకుని కాళ్ల దగ్గర చూశాను. పెడల్ మీద రబ్బరు అరిగి గులకరాయిలా నున్నగా ఉంది, దాని కింద కార్పెట్ మాత్రం పెళ్లికూతురిలా మెరుస్తోంది. చుట్టూ కొత్త అంచు, దగ్గర దగ్గరగా పడిన చక్కటి కుట్టు. ఆ కుట్టు చూడగానే నా నెత్తురు సలసల కాగింది. ఎందుకో చెబుతాను.

నాకు పెళ్లై నాలుగేళ్లయినప్పటి మాట. ఎలమంచిలి నుంచి ఒక కార్ల బేరగాడు వచ్చేవాడు. వాడొకసారి ఒక విదేశీ ఓడ కెప్టెన్ వదిలేసి పోయిన టాపు లేని ఎర్ర కారు తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. మా ఆయన పాత కార్పెట్ లేపితే కింద గట్టి ఇనుమే లేదు. సముద్రపు ఉప్పు గాలికి తిని తిని, గోరుతో గీకితే అప్పడంలా విరిగింది. మా ఆయన బేరగాడి మొహంలోకి చూస్తే, వాడు బీడీ పక్కకి పెట్టి అన్నాడు కదా, "నీకెందుకు భాయ్, సీటు కిందది సీటు కిందే ఉండాల. నీ పని నువ్వు సెయ్యి, నా పని నాను సేత్తాను." మా పనిలో అది అప్పటికే రివాజు. కింద చూసినదాన్ని పైకి చెప్పినవాడి దగ్గరికి మళ్లీ ఏ బేరగాడూ రాడు. మా ఆయన గోనె ముక్కలకి తారు పూసి పరిచాడు, వాటి మీదకి కొత్త కార్పెట్ నేనే కుట్టాను. చాలా బాగా కుట్టాను, అదే నా కోపం.

కొనబోయేవాళ్లు కొత్త దంపతులు, ఆయన పోర్టులో ఇంజనీరు. వాళ్లూ రెండు కార్ల మధ్య ఊగుతున్నారు, ఇంకొకటి నల్లది, మందగొడిది. సీటు రంగు చూసుకోవడానికి ఆ అమ్మాయి ఒక్కతే మా వసారాలోకి వచ్చి, నా పక్కనే చాప మీద కూర్చుని, టీ తాగుతూ, "అక్కా, మీరైతే ఏ కారు కొంటారు?" అని అడిగింది. నేను తలెత్తి మా ఆయన వైపు చూశాను. ఆయన కత్తెర వైపు చూశాడు. నేను మళ్లీ సూది వైపు చూసుకుని, ఎర్రది మీకు బాగుంటుందమ్మా అన్నాను.

వాళ్లు ఎర్రదే కొన్నారు. మూడు నెలలు తిరక్కుండా సముద్రం రోడ్డు మలుపులో ఆమె సీటు కారు అడుగుని చీల్చుకుని ఊడిపోయింది, తలుపు తెరుచుకుని ఆమె రోడ్డు మీద పడింది. ప్రాణం నిలిచింది గాని కాలు వంకరగా అతుక్కుంది. ఏడాది తరువాత కర్ర పట్టుకుని మా వసారాకి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. "అక్కా, ఆ రోజు మీకు తెలుసా?" అని ఒక్కటే అడిగింది. తెలీదమ్మా, అన్నాను.

మా ఆయన పోయేదాకా ఆ మాట మా మధ్యకి రాలేదు. నేను మాత్రం ఆ తరువాత సీట్లే కుట్టాను గాని ఏ కార్పెట్‌కీ అంచు వెయ్యలేదు.

ఇదంతా నిన్న ఆ ఎర్ర కారులో కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. వంగి కార్పెట్ అంచు పట్టుకుని లాగాను. అమ్మే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి మామ్మా, కారు కొంతారా, పోస్టుమార్టం సేత్తారా?"

"బతికుండగా సేత్తేనే మంచిది బాబూ. పోయాక ఎవులు సేసినా ఒకటే."

మా మనవడి మొహం కారు కంటే ఎర్రబడింది. "దాదీ, పరువు తీత్తన్నావ్, లెగు!" అని రెక్క పట్టుకున్నాడు. పరువంట! నేను నడుముకున్న తాళంచెవి తీసి, కార్పెట్ కింద నల్లగా పూసి ఉన్నచోట గుచ్చాను. తారు పెచ్చులుగా ఊడింది, తాళంచెవి పిడిదాకా దిగిపోయింది, తీసి చూస్తే ఆ కన్నంలోంచి కొట్టు గచ్చు కనిపించింది. వాణ్ణి వంగి చూడమన్నాను. చూశాడు. అమ్మే కుర్రాడు సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? పాత బండన్నాక అందరం ఇలాగే సేత్తాం మామ్మా, అన్నాడు. అదే రివాజు, అదే తారు! ఆ కుట్టు వేసిన చెయ్యి కూడా మా వీధిదే అయి ఉంటుంది, ఈ ఊళ్లోనే ఎక్కడో ఒక వసారాలో ఎవరో తల దించుకుని సూది వైపు చూసుకుంటున్నారు.

అక్కడే, ఆ కార్ల మధ్య నిలబడి, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ అమ్మాయి సంగతి, నా అబద్ధం సంగతి మనవడికి చెప్పేశాను. వాడు తనే వెళ్లి బూడిదరంగు కారులో మోకాళ్ల మీద కూర్చుని కార్పెట్ లేపి, తాళంచెవి ఇలా ఇయ్యి దాదీ అని చెయ్యి చాపాడు. టంగుమంది. గట్టి ఇనుము. ఇది కాక ఇంకేదీ వద్దన్నాడు.

ఇప్పుడు ఊరు మారిపోయింది. మా వసారా ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది, మలుపుల రోడ్డు వెడల్పయింది, ఏ కారు మంచిదో కుర్రాళ్లకి ఫోనే చెబుతుంది. ఆ రోజుల్లో కొనేవాళ్లు మా చాప మీదకి వచ్చి కూర్చుని, మా కళ్లలోకి చూసి అడిగేవారు. అడిగినప్పుడు నేను చెప్పలేదు, చెప్పాలని గొంతు దాకా వచ్చిన ఈ రోజుల్లో చాప మీదకి వచ్చి అడిగేవాళ్లే లేరు. ఆ అమ్మాయి బతికుంటే నాకంటే కాస్త చిన్నదై ఉంటుంది. ఆమెకి చేరే దారి నాకు లేదు గనక మీకు చెబుతున్నాను. తెలుసమ్మా, నాకు తెలుసు.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లో ఎవరు ఏ బండెక్కి బయలుదేరినా కాళ్ల కింద నేల గట్టిగా ఉండాలి, అడిగితే నిజం చెప్పే నోరు ఒకటి మీ గడప దగ్గర ఎప్పుడూ ఉండాలి, పొద్దున వెళ్లినవాళ్లందరూ పొద్దు గూకేలోగా మీ గుమ్మంలోకి నవ్వుతూ రావాలి.