వేళ్లు లేని చేతులు కట్టిన కీర్తన

నాకు రోగమున్న సంగతి నాకంటే ముందు గుళ్లె ఉన్నోళ్లకు కనబడ్డది. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల, వానకాలం, ఒక ఆదివారం. హుజూరాబాద్‌ల మా చిన్న గుళ్లె ఆరాధన నడుస్తున్నది. నేను హార్మోనియం వాయిస్తున్న. వారమంత దర్జీ పని, ఆదివారం హార్మోనియం, ఇదే నా బతుకు. కీర్తన పల్లవి రెండోసారి ఎత్తుకునేసరికి ఆడోళ్ల దిక్కు నుంచి నా భార్య కరుణ లేచి నిలబడ్డది.

"ఏమయ్యా, నెత్తురు!" అన్నది.

చూస్తే హార్మోనియం తెల్లమెట్ల మీద నెత్తురు. ఒక మెట్టు అంచు పగిలి ఉండె. కుడిచేతి చిటికెన వేలు దానికి కోసుకపోయింది. నొప్పి లేదు. జర గూడ లేదు.

"కీర్తన నడుమ ఆపుతరా?" అని పాస్టరయ్య మొఖం మాడ్చుకున్నడు.

ఆయన బాధ ఆయనది. ప్రతి కీర్తనకు ముందుగాల దాని చరిత్ర చెప్పుడు ఆయన గొప్ప. ఎవరు కట్టిండ్రు, ఏ కష్టంల కట్టిండ్రు, ఏ చరణానికి అర్థమేంది, అన్నీ ఆయనకే తెలుసు. ఆ రోజు పాడిన కీర్తనంటే సంఘానికి మస్తు ఇష్టం. దాన్ల ఒక చరణం "పాపమను పెద్దరోగము పట్టి పాడైతిని" అని మొదలైతది. ఒక దొర కల్లుకు బానిసై తిరిగేటోడట. తొవ్వల ఒక పెద్దరోగి ఎదురైతే, "వీని ఒళ్లు ఎట్లున్నదో నా ఆత్మ అట్లున్నది" అని ఏడ్చి, ఇంటికొచ్చి కీర్తన కట్టిండట. ఇది చెప్పినప్పుడల్లా పాస్టరయ్య గొంతు సరిగ్గ ఒక్క జాగల్నే వణికేది. నేను వెనుకనుంచి మెల్లగ రాగం అందుకునేటోన్ని. ఇద్దరం కలిసి జనాన్ని బాగనే ఏడిపించినం.

ఊరి కాంపౌండర్ వేలుకు కట్టు కట్టి, మోచేతి కాడి మచ్చను తామర అని మలాం ఇచ్చిండు. వేలు మానింది గని ముడుచుకునుడు మొదలైంది. పక్క వేలు గూడ దాని తొవ్వనే పట్టింది. కత్తెర పట్టుడు కష్టమైనంక కరుణ నన్ను కరీంనగర్ తీస్కపోయింది.

అక్కడి డాక్టరు నా మోచేతి కాడ పాలిపోయిన మచ్చ చూసిండు. "కండ్లు మూసుకో. దూదితోని తాకుత. తాకినప్పుడు చెప్పు" అన్నడు. నేను కండ్లు మూసుకొని తాకుతడేమోనని ఎదురుచూస్తనే ఉన్న. ఆయన ఎప్పుడో తాకి, దూది పక్కకు పెట్టిండట. తర్వాత మోచేయి వెనుక ఒత్తి, "అల్నార్ నర్వ్, గీ మోచేతి నరం, తాడు లెక్క లావైంది" అన్నడు. చెవి తమ్మెను గీరి, క్రిమి ఉన్నదో లేదో చూసే స్మియర్ తీసిండ్రు. పాజిటివ్ వచ్చింది.

"లెప్రసీ. మీరు పెద్దరోగం అంటరు. ఇది క్రిమితోని వస్తది, గంతే. డి.డి.ఎస్. గోళీలున్నయి, తగ్గుతది. ఇంక ముందే రావాల్సింది" అన్నడు.

బస్సుల కరుణ నా ముడుచుకున్న వేళ్లను తన చేతిల పట్టుకొని కూసున్నది. నాకు ఆమె చెయ్యి సగమే తెలుస్తున్నది.

పాస్టరయ్య మా ఇంటికొచ్చిండు. కుర్చీ వేస్తే కూసోలే. చాయ్ ఇస్తే ముట్టలే. గడప బయట నిలబడి, "ఏ పాపం దాచిపెట్టినవో ఒప్పుకో, దేవదానం" అన్నడు.

"డాక్టరు క్రిమి అన్నడు అయ్యగారూ."

"మరి క్రిమిని పంపింది ఎవరు?" అన్నడు. ఆ మాటకు తనకు తానే మురిసిపోయినట్టు మొఖం పెట్టిండు. అటెన్క నా కోసం పొడుగ్గ ప్రార్థన చేసిండు, గడప దాటకుంటనే. ఆ వారం నుంచి హార్మోనియం ముట్టద్దన్నడు. అందరం ద్రాక్షరసం తాగే ప్రభువు భోజనం గిన్నె గూడ ముట్టద్దన్నడు. సంఘపెద్దలు కుట్టనిచ్చిన బట్టలు మనుషులతోని వాపసు తెప్పించుకున్నరు. వాళ్ల భక్తి ఎంత లోతో ఆ వారంలనే తెలిసింది.

పక్క జిల్లాల పెద్దరోగుల దవాఖానకు పోయిన. అక్కడ డాక్టరమ్మ రోజూ గోళీలు మింగించింది. కొన్నాళ్లకు మచ్చలు మాసినయి, ఇంక ఇంటికి పోవచ్చనుకున్న. అప్పుడే జ్వరం పట్టింది. ఒళ్లంత ఎర్రటి గడ్డలు లేచినయి. మోచేతి నరం నిప్పు పెట్టినట్టు మండింది. ఇన్నేండ్లు నొప్పి తెలువని చెయ్యి ఆ నెల నన్ను మంచం మీద ఏడిపించింది.

"ఇది రియాక్షన్, క్రిమి మీద ఒళ్లు తిరుగబడుడు. మందు పనిచేస్తలేదని కాదు. నరం కాపాడుకోవాలె" అని డాక్టరమ్మ చెయ్యి కదలకుండ బద్ద పెట్టి స్ప్లింట్ కట్టింది. రియాక్షన్ తగ్గింది గని రెండు వేళ్లు గోళ్లు అరచేతికి తాకేదాక మడత పడ్డయి.

ఆ దవాఖానల గుడి ఉండె. లేవగలిగినంక ఒక ఆదివారం పోయిన. మా కీర్తన రాగమే వినబడ్డది, గని చరణం వేరేది. నాకు ఆగలే. ఆరాధన అయినంక పక్కన కూసున్న ముసలామెతోని, "అవ్వా, మీరు తప్పు పాడుతున్నరు" అన్న.

ఆమె పేరు ఎల్లవ్వ. రెండు చేతులు మొండివే. నన్ను కిందికీ మీదికీ చూసి పకపక నవ్వింది.

"తప్పా? ఆ పాట నా పెనిమిటి కట్టిండు. రాగం నాదే. నేను జొన్నలు విసురుకుంట పాడేది."

ఆమె పెనిమిటి లింగయ్యదీ అదే రోగం. అప్పటికి గోళీలు రాలే. నూనె సూదులు ఒళ్లంత పొడిచెటోళ్లు. వరుసల నిలబడ్డోళ్లు ఏడుస్తుంటే, ఎవలి వంతొస్తే వాళ్ల పక్కన నిలబడి లింగయ్య పాడెటోడట.

వేళ్లు లేని చేతులెత్తితె
వేళ్లు ఏవని అడుగవైతివి

"గంతే. దేవుడు మా వేళ్లు లెక్కపెట్టడని దాని అర్థం. దొర లేడు, గిర లేడు" అన్నది ఎల్లవ్వ. "పట్నంకెల్లి ఒక ఉపదేశకుడు వచ్చి, రాగం బాగున్నదని రాసుకపోయిండు. పుస్తకంల అచ్చైనంక చదివించుకుంటే దాన్ల మా చేతులు లేవు. ఆళ్ల పాపం ఉన్నది. మా రోగం ఆళ్లకు పనికొచ్చింది కొడుకా. మేమే పనికి రాలే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఎన్ని ఆదివారాలు ఆ చరణానికి రాగం సాగదీసిన్నో! సూది కింద నిలబడ్డోని పాటను కడుపు నిండినోడు తన ఆత్మ మీద కప్పుకున్నడు.

స్మియర్ నెగెటివ్ వచ్చినంక డాక్టరమ్మ చేతికి ఆపరేషన్ చేయించింది. "బలమున్న వేలును లాగే పోగు, టెండన్ అంటరు, అది తెచ్చి గీ వేళ్లకు కుడుతం. నీ దర్జీ పనే అనుకో. వేళ్లు చాపుతవ్, గని స్పర్శ మాత్రం రాదు" అన్నది. కట్టు విప్పినంక రోజూ వేడి మైనంల చెయ్యి ముంచి వేళ్లు చాపుడు నేర్పిండ్రు. కొన్ని నెలలకు కత్తెర పట్టిన. మల్ల ఎల్లవ్వ దగ్గర చరణాలన్నీ నేర్చుకున్న.

హుజూరాబాద్ వాపసు వచ్చిన ఆదివారం పాస్టరయ్య నన్ను ముందు వరుసల కూసోబెట్టిండు. నేను బాగుపడ్డది ఆయన ప్రార్థనతోనని చెప్పిండు. డి.డి.ఎస్. మాటే ఎత్తలే. మల్ల దొర కథ మొదలుపెట్టిండు. గొంతు వణికే జాగ రాంగనే నేను లేచిన.

"అయ్యగారూ, అది అబద్ధం. ఆ పాట పెద్దరోగి కట్టిండు. ఆయన పేరు లింగయ్య. ఆయన భార్య నాకు చెప్పింది."

లింగయ్య చరణం పాడిన.

"రోగిష్టోళ్ల మొండి చేతుల సంగతి దేవుని గుళ్లె పాడుతరా? వినసొంపుగ ఉండాలె గద" అన్నడు పాస్టరయ్య.

ఆ రోజు ప్రభువు భోజనం ఉండె. అందరికీ ఒకే గిన్నె తిప్పిండ్రు. నా కోసం వేరే గాజుగ్లాసు పెట్టిండ్రు. నేను చెయ్యి చాపకముందే కరుణ ఆడోళ్ల దిక్కు నుంచి వచ్చి, ఆ గ్లాసందుకొని సగం తాగి నాకిచ్చింది. మిగిలింది నేను తాగిన. మల్ల ఆ గుడికి పోలే.

ఇప్పుడు నస్పూర్‌ల ఉంటున్నం. బొగ్గుబాయి పనోళ్ల బట్టలు కుడుత. వాళ్లు నా చెయ్యి చూస్తరు, కొలతలిచ్చి పోతరు. ఆదివారం కొన్ని కుటుంబాలు మా వాకిట్ల కూడుతయి. లింగయ్య పాటను లింగయ్య కట్టినట్టే పాడుతం. హుజూరాబాద్‌ల పాస్టరయ్య ఇంకా చరిత్ర చెప్తనే ఉన్నడట. ఇప్పుడు ఆ చరిత్రల నేను గూడ ఉన్ననట. హార్మోనియం వాయించే ఒక గర్విష్ఠికి రోగమొచ్చి బుద్ధొచ్చిందట. ఇంకొన్నేండ్లకు నన్ను గూడ దొరను చేస్తడు.

ఈ రోగమున్నోళ్లకు ఒక్క మాట. స్పర్శ పోయిన చేతికి, పాదానికి దెబ్బ తాకితే నొప్పి వచ్చి చెప్పదు, కన్నే చెప్పాలె. పొద్దుగూకంగ రోజూ అరచేతులు, వేళ్ల సందులు, అరికాళ్లు వెలుతురుల చూసుకోండి. పొక్కో పుండో కనబడితే కడిగి కట్టు కట్టి, దవాఖానకు పోండి. అరికాలు మీకు కనబడకపోతే ఇంట్లోళ్లను చూడమనుండ్రి. చూడనన్నోళ్లతోని ప్రార్థన గూడ చేయించుకోకుండ్రి.