పెట్టె మీది అంకె

మా అక్క మొగుణ్ణి బజారులో కూరగాయలవాళ్ళు ఆమడ దూరం నుంచే గుర్తుపడతారు. కిలో టమాటాలు కొంటే ఇంటికి తెచ్చి మళ్ళీ తూస్తాడు. ఒకసారి యాభై గ్రాములు తగ్గాయని ఎండలో వెనక్కి వెళ్ళి, ఒక టమాటా రాబట్టుకుని మరీ వచ్చాడు. "అక్కని చేసుకున్నప్పుడు కూడా తూచుకున్నావా బావా?" అని నేను ఏడిపిస్తే, "అప్పుడు కాటా లేదే, అందుకే మోసపోయాను" అనేవాడు. అక్క గరిటె పుచ్చుకుని లేచేది.

ఇంత నిక్కచ్చి మనిషికి ఉద్యోగం కూడా కొలిచేదే. రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానాల ఇంజిన్లు చేసే ఫ్యాక్టరీలో వాటి బలం కొలుస్తాడు. అక్కడ బావ పేరు 'మీటరు'. గుప్పెట్లో పట్టే ఇంజిన్‌ని బల్ల మీద బిగించి, నడిపి, లెక్కకట్టి ఒక అంకె రాస్తాడు. ఆ అంకె అచ్చేసిన కాగితాన్ని పెట్టెల మీద అంటించే పని నాది. 'రెండు హార్స్‌పవర్' అని ఎర్రటి అక్షరాలు.

ఆ అంకె ఎలా పుట్టిందో చెప్పాలంటే నాకిప్పుడు సిగ్గేస్తుంది. పది ఇంజిన్లలో చురుకైనదాన్ని ఏరుతాడు. సైలెన్సర్ ఊడదీస్తాడు. కొనుక్కున్నవాడు ఎన్నడూ పోయని ఘాటైన ఇంధనం పోస్తాడు. ఇంజిన్ పిచ్చెత్తినట్టు తిరగాలని, ఏ విమానానికీ పనికిరానంత చిన్న ప్రొపెల్లర్ తగిలిస్తాడు. తెల్లవారుజాము చల్లదనంలో పదిసార్లు నడిపి, అన్నిటికంటే పెద్ద అంకె రాస్తాడు. ఓనరు గారికి కావలసింది అదే. "ఇది అబద్ధం కాదా బావా?" అని ఒకసారి అడిగాను. ఒంటికాలి మీద లేచాడు. "మీటరు చూపించిందే రాశాను. సొంతంగా ఒక్క సున్నా అయినా కలిపానా?" నిజమే, కలపలేదు. నేనూ నోరు మూసుకుని కాగితాలకు జిగురు రాసుకున్నాను.

ఒక మధ్యాహ్నం రిటైరైన డ్రాయింగ్ మాస్టారొకాయన ఫ్యాక్టరీకి వచ్చారు. చేతిలో తను కట్టిన విమానం ఫొటో. ఆరడుగుల రెక్కలు. రెండేళ్ళపాటు భోజనాల బల్ల మీదే కట్టారట. ఇంట్లోవాళ్ళు అన్నాళ్ళూ వంటింట్లో నిలబడే తిన్నారట. మా పెట్టె మీది అంకెను నమ్మి, ఆ బలానికి తగ్గ బరువు లెక్కవేసి కట్టారు. తీరా చూస్తే విమానం మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరిగెత్తిందే గానీ నేల విడవలేదు.

"ఇంజిన్ తప్పేం లేదు బాబూ. అంకె అచ్చేసి ఉందిగా. నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను. అదేంటో కాస్త చెబుతారా?" అని అడిగారు.

బావ నోరు తెరిచాడు. అద్దాల గదిలోంచి ఓనరు గారు చూస్తున్నారు. దాచడం ఎందుకు, 'చెప్పకు బావా' అనే నేను మనసులో అనుకున్నాను. మా రెండిళ్ళూ గడిచేది ఆ ఫ్యాక్టరీ మీదే.

"బరువెక్కువైందేమో మాస్టారూ. కాస్త తగ్గించి చూడండి" అన్నాడు బావ.

మాస్టారు ఆ ముక్క జేబు పుస్తకంలో రాసుకున్నారు. మా ఇద్దరికీ విడివిడిగా థాంక్స్ చెప్పి వెళ్ళారు. ఆ రోజునుంచి బావని ఎవరైనా పలకరిస్తే చాలు, కసురుకునేవాడు.

మూడు వారాలకు మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి గుడ్డలో చుట్టిన ఇంజిన్ ఒక్కటే తెచ్చారు.

"లేచింది బాబూ, లేవకపోలేదు. మలుపు తిరిగేటప్పుడు రెక్క విరిగి పడిపోయింది. ఇంత మంచి ఇంజిన్ నా దగ్గర దండగ. చేతనైనవాళ్ళెవరికైనా ఇవ్వండి."

బావ ఆ ఇంజిన్‌ని తీసుకుని తిన్నగా బల్ల మీద బిగించాడు. సైలెన్సర్ తియ్యలేదు. మామూలు ఇంధనం పోశాడు. మాస్టారిని అడిగి, ఆయన వాడిన సైజు ప్రొపెల్లరే పెట్టాడు. నడిపి, ఆయన కళ్ళ ముందే లెక్కకట్టాడు. ఒకటింబావు వచ్చింది.

"పడినప్పుడు దెబ్బ తగిలుంటుంది" అన్నారు మాస్టారు. అప్పటికీ ఆయన మా తరఫునే మాట్లాడుతున్నారు.

బావ నా బల్ల మీంచి సీలు వేసిన పెట్టె తీసి, చించి, కొత్త ఇంజిన్ బిగించాడు. అదీ ఒకటింబావే.

అద్దాల గది తలుపు తెరుచుకుంది. బావ అటు చూడలేదు. "మీ లెక్క సరైనదే మాస్టారూ. పెట్టె మీది అంకె విమానం ఎగరేసేది కాదు. దాన్ని రాసింది నేనే."

"పోయినసారి నేనొచ్చినప్పుడు కూడా మీకు తెలుసా?"

"తెలుసు."

ఆయన తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇంజిన్ వంకే చూస్తూ మెల్లగా అన్నారు: "బరువు తగ్గించమన్నారు కదా అని రెక్కల్లో కర్రలన్నీ సగానికి చెక్కేశాను బాబూ. అప్పుడే చెప్పుంటే ఇంకో ఇంజిన్ పెట్టుకునేవాణ్ణి. విమానం ఉండేది."

ఆయన బావతోనే అన్నారు ఆ మాట. తల మాత్రం నేనూ ఎత్తలేకపోయాను.