వెనక తలుపు తాళం

మా అక్క ఎవరి బట్టలు కుట్టినా లోపల రెండు వేళ్ల మేర గుడ్డ మడిచి వదిలేది. "మనిషి ఒళ్లు ఒక్కలా ఉండదే, రేపు కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు" అనేది. లోకంలో అన్నిటికీ లోపల అలా కాస్త గుడ్డ ఉంటుందనుకుంది, పిచ్చి మొహం! అద్దె కాగితం మీద సంతకమూ ఆ నమ్మకంతోనే పెట్టింది.

సగం జీవితం పరాయి కొట్లలో మిషను తొక్కింది. తన పేరుతో ఒక బోర్డు, దాని కింద తన కొట్టు. అక్కకున్న కోరికల్లా అదే. బజారు మలుపులో ఖాళీ గది దొరకగానే ఎగిరి గంతేసింది.

"లైసెన్సు ఇస్తారో లేదో ముందు ఆఫీసులో అడగవే అక్కా" అని నెత్తీ నోరూ బాదుకున్నాను.

"దిగాక అన్నీ అవే సర్దుకుంటాయిలేవే" అంది.

దిగగానే ఓ మూల ట్రయల్ రూము కట్టించింది. ఆడవాళ్లు బట్టల మూటల చాటున నిలబడి మార్చుకోవడం చూసీ చూసీ ఆమెకు రోత పుట్టింది. నిలువుటద్దం, కొక్కేలు, తను మోకాళ్ల మీద కూర్చుని అంచులకు గుండుసూదులు పెట్టడానికి చిన్న చాప.

మునిసిపల్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. "రికార్డులో ఇది గోడౌను అమ్మా. కొట్టు నడపాలంటే వెనక నుంచి కూడా దారి ఉండాలి. ఆ వెనక తలుపు తీయించండి, అప్పటిదాకా కొట్టు తెరవకూడదు" అన్నాడు.

ఆ తలుపు అవతల ఓనరు తమ్ముడి పెరడు. తాళం అతనిది. అన్నదమ్ములు మొహాలు చూసుకుని ఏళ్లయింది.

"వాడి గడప తొక్కేది లేదు. పర్మిషన్లు నీ బాధ్యతేనని కాగితంలో ఉందిగా, చదవలేదా?" అన్నాడు ఓనరు.

కొట్టు తెరవకూడదు, అద్దె మాత్రం కట్టాలి. ఇదెక్కడి న్యాయమండీ!

అక్క ఆ రెండిళ్లకూ కాళ్లరిగేలా తిరిగింది. ఒకరి తిట్లు ఇంకొకరి చెవిన పడకుండా కత్తిరించేసి, మంచి ముక్కలే అటూ ఇటూ మోసింది. చివరికి తమ్ముడు దిగొచ్చాడు. తాళం తీసిన రోజు అక్క ఏడుస్తూ నవ్వింది, ఆ సాయంత్రమే బోర్డుకి రంగు ఎంచుకుంది.

మర్నాడు ఓనరు కబురు. "అద్దె బాకీ పడ్డావు. ఖాళీ చెయ్యమ్మా."

దారి వచ్చిన గదికి పర్మిషన్ వచ్చింది, రెడీమేడ్ బట్టల వ్యాపారీ వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కలిసే అతనితో కాగితాలు రాసుకున్నారట. వాళ్ల చేతులు పడిపోను! వాళ్లను కలిపింది ఎవరో ఒక్కడికైనా గుర్తుందా?

ఆ కొట్లో బట్టలు సరిచేసే మనిషి కావాలంటే అక్కే వెళ్లి చేరింది.

"నీకు సిగ్గనేది లేదా?" అని అరిచాను.

"ఇంకెక్కడికి వెళ్లనే, ఈ వయసులో?" అంది.

నిన్న నా కుర్తా బిగుతైందని పట్టుకెళ్లాను, అక్కడ కొన్నదే. తను కట్టించిన ట్రయల్ రూములో, అదే చాప మీద మోకాళ్లేసుకుని, అక్క దాన్ని తిరగేసి చూసింది.

"దీన్ని వదులు చెయ్యలేనే. లోపల గుడ్డ వదల్లేదు."

కుర్తా మడిచి నా చేతికిచ్చి, తర్వాతి మనిషిని లోపలికి రమ్మంది.