సిమెంటు కల్లంలో ఎంతమందికి పని

తొంభైల మొదట్లో సంగతి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆర్మూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఆర్నెల్ల టెంపరరీ ఉద్యోగం దొరికింది. రైతులు పసుపు ఆరబోసుకోవడానికి సర్కారు ఖర్చుతో సిమెంటు కల్లం కట్టబోతున్నారు. దానివల్ల ఎంతమందికి పని దొరుకుతుందో ఫారంలో అంచనా రాయడం నా మొదటి పని. సార్ చూసి "మంచిగ రాసినవమ్మా" అన్నారు. ఇంక ఆగుతానా! మా ఊరు పెర్కిట్‌లో ఆటో దిగి ఇంటిదాకా ఉరికాను.

అమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. పసుపు సీజన్‌లో మాత్రం చాట పక్కన పెట్టి మట్టి కల్లాలకు పోయేది. ఆరిన కొమ్ముల్లోంచి రాళ్లు, మట్టిపెళ్లలు ఏరేది.

"అమ్మా, కొత్త కల్లంతోని మస్తుమందికి పని దొరుకుతదే! నేనే లెక్క గట్టిన."

"ఎవలెవలకే?"

గడగడా చదివాను. మేస్త్రీలు, కూలీలు, వాచ్‌మన్, ఊడ్చేవాళ్లు, హమాలీలు.

అమ్మ చేతిలో ఆకు ఆగింది. "సిమెంటు మీద ఆరవోస్తే రాళ్లెట్ల కలుస్తయి బిడ్డా?"

"కలువయి. సరుకు సాఫ్ ఉంటది."

"మరి మేమేం ఏరాలె?"

కాగితం మళ్లీ చూశాను. నా ఫీజులు కట్టిన పని నా లెక్కలోనే లేదు.

"మొఖం గట్ల వెట్టకు. కల్లం మంచిదే, కట్టనియ్యి. మమ్ములను గూడ రాయి. గంత సదువు సదివినవ్, గిది రాయరాదా?"

మర్నాడు సార్‌ని అడిగాను. "పని పోయేటోళ్లకు ఫారంల జాగ లేదమ్మా" అన్నారు. వేరే కాగితం మీద ఏరేవాళ్ల పేర్లన్నీ రాసి, ఊడ్చే పనికి ముందు వీళ్లనే పిలవాలని కింద రాశాను. ఆయన రెండుసార్లు చదివి, ఫారానికి పిన్ను కొట్టారు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. "మొదటి పేరు నీదే!"

"నాదెందుకే పిచ్చిదానా? నాకు నువ్వున్నవ్, బీడీలున్నయి. మూలింటి ముసలామెకు సూపు ఆనది, తడుముకుంట రాళ్లేరుతది గని బీడీలు చుట్టరాదు. ఆమెను ముందల రాయి."

పొద్దున్నే పిన్ను తీసి కాగితం మళ్లీ రాశాను. అమ్మ పేరు అట్టడుగుకు పోయింది.

కల్లం తయారయ్యాక ఊడ్చే పనికి మొదటి పిలుపు ఆ ముసలామెకే వచ్చింది. ఆ కబురు అమ్మ నన్ను చెప్పనివ్వలేదు. చుట్టే బీడీని చాటలో పడేసి తనే మూలింటికి ఉరికింది.