నల్ల వైరు ఎక్కడ పెట్టారండీ?

పాలకొల్లు మెకానిక్ గారు ఏ వస్తువునీ ‘పోయింది’ అనేవారు కాదు. మనం అలా అంటే, సంచిలోంచి కరెంటు కొలిచే మీటరు, దాని ఎర్ర వైరు, నల్ల వైరు తీస్తూ “నల్ల వైరు ఎక్కడ పెట్టి చూశారండీ?” అని అడిగేవారు. ఆయన మొహం కన్నా ఆ ప్రశ్నే నాకు బాగా గుర్తుంది.

అప్పట్లో నరసాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్ చూసుకునేవాణ్ణి. డాబా మీద నెట్ సిగ్నల్ అందుకునే రేడియో పెట్టెకి కరెంటు కూడా నెట్ కేబుల్లోంచే వెళ్ళేది. ఒక ఉదయం అది స్టార్ట్ కాలేదు. ఓనరుగారి చెల్లెలు లేసు డిజైన్లు పంపాలని వచ్చి కూర్చున్నారు. నేను పెట్టె దింపి, విప్పి, మీటరు పెట్టి చూసి, లోపల కరెంటు అందించే చిప్పు పోయింది, కొత్త పెట్టె కొనాల్సిందేనని తేల్చేశాను.

ఓనరుగారు కబురు పెడితే మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన మెకానిక్ గారు అదే ప్రశ్న వేశారు. అవుట్‌పుట్ వైపు పెట్టానన్నాను.

“ఈ బోర్డుకి రెండు ఒడ్లండి. మధ్యలో వంతెన ఉండదు. ఇక్కడ నిలబడి అవతలి లోతు ఎలా చూస్తారండీ?”

నల్ల వైరు చిప్పు ఉన్న ఇన్‌పుట్ వైపుకి మార్చారు. మీటర్లో అంకె పెరిగింది, పడిపోయింది, మళ్ళీ పెరిగింది.

“చిప్పు బతికే ఉందండి. లేవబోయి పడిపోతోంది, పాపం.”

చిప్పు లేవడానికి కరెంటు నిలవచేసి ఇచ్చే చిన్న కెపాసిటర్, దాని పక్కనే, ఎండిపోయింది. అది మార్చగానే లైటు వెలిగి, ఇక ఆరలేదు.

“మావాడు చిప్పే పోయిందన్నాడు కదండీ?” అన్నారు ఓనరుగారు.



“ఈయన ఆ చిప్పు దగ్గర చూడమనబట్టే దొరికిందండి” అన్నారు మెకానిక్ గారు, నా వైపు చూడకుండా, నల్ల వైరు చుట్టుకుంటూ.